రెండు నిమిషాలు

మూసారంబాగ్ సందుల పార్లర్.
పొద్దుగాల నుంచి ఇది పదకొండో తల.

నురగ మస్తుగొస్తెనే
మురికి పోయినట్టని మేడమ్‌ల నమ్మకం.
సీసా ఎనక చీమకాళ్ల అచ్చరాలల్ల
నీళ్ల తర్వాత పేరు దానిదే:
సోడియం లారిల్ సల్ఫేట్.

చర్మం డాక్టరమ్మ
నా వేళ్లు తిప్పి తిప్పి చూసింది.
"విషమేం గాదమ్మా, భయపడకు.
రెండు నిమిషాలుండి కడిగేస్తే ఏం చెయ్యదు.
ఉండిపోతేనే మంట."

నవ్వొచ్చింది నాకు.
ఆ రెండు నిమిషాలు తలకాయల లెక్క.
ఒక తల లేస్తది, ఇంకో తల ఒరుగుతది,
నా చేతుల్ల మాత్రం
నురగ ఇల్లు ఖాళీ చెయ్యదు.

గ్లౌజులు తొడుక్కుంటనంటె
ఓనరమ్మ వద్దంది.
కస్టమర్లకు చెయ్యి తాకాల్నట.

రాత్రి పప్పుల ఉప్పేస్తుంటె
పగుళ్లు ఒక్కొక్కటే లేస్తయి.
వ్యాజిలిన్ పూసి, పాలిథిన్ కవర్లు కట్టుకొని పండుకుంట.
"ఫ్రిజ్‌ల కొత్తిమీర లెక్కున్నయమ్మా నీ చేతులు"
అని మా చిన్నది ఒకటే నవ్వు.

పన్నెండో తల ఒరిగింది.
నీళ్లు గోరువెచ్చగున్నయా అనడిగిన.
సీసా రెండుసార్లు నొక్కిన.

కండ్లు గట్టిగ మూస్కోండ్రి మేడమ్,
మండుతది.