ఎత్తి పెట్టిన చోటు

నల్లపాడు దాటాక, మూతపడ్డ పత్తిమిల్లు నేలలో
తొమ్మిది గుంతల గోల్ఫు మైదానం వేశారు.
ఆదివారం తెల్లారేసరికి మిర్చి షావుకార్లు దిగుతారు,
తెల్ల టోపీలు, చొక్కా మడతల్లో నిన్నటి ఘాటు.
నేను బ్యాగు మోస్తా.
అంతకుముందు పదకొండేళ్ళు
కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీశా.
ఈ పని నయం. రాత్రి చేతులు మండవు.

రూల్సు అందరికీ తెలుసు. అదే వచ్చిన చిక్కు.

అంకిరెడ్డిగారు పుల్ల మీద బంతి సర్దుతుంటే
కర్ర తగిలి జారి పడింది.
"ఒకటి!" అని ముగ్గురూ ఒక్క గొంతుతో.
కాటా దగ్గర చారెడు కాయ వదలని మనిషి
తలొంచుకుని ఒప్పేసుకున్నాడు.
"కాదండీ," అన్నా.
"కొట్టాలని ఊపితేనే దెబ్బ. ఇది జారడం.
మళ్ళీ పెట్టుకోండి."
"నీకెవరు చెప్పారే?"

యేసుపాదం తాత చెప్పాడు.
వాన కురిసి ఆట లేని రోజుల్లో, రేకుల షెడ్డు కింద,
చిన్న ఇంగ్లీషు పుస్తకం కూడబలుక్కుంటూ.
నేను కీర్తనల పుస్తకం వెనక
ఖాళీ పేజీల్లో రాసుకున్నా.

పోయిన బంతికి మూడు నిమిషాలే.
అయిదని ఇంకా కొట్లాడతారు.
అదీ నేను తుమ్మపొదలో చెయ్యి పెట్టిన క్షణం నుంచి,
తమరు సిగరెట్టు ఆర్పి నింపాదిగా వచ్చినప్పటి నుంచి కాదు.
సిమెంటు బాట మీద పడితే ఊరట ఉంది,
దగ్గరి చోటుకే గాని నున్నటి చోటుకు కాదు.
ఆ దగ్గరి చోట పల్లేరుకాయలుంటే
పల్లేరుకాయలే ప్రాప్తం.
ఇసక గుంతలో రాలిన ఆకు తీసెయ్యొచ్చు.
దాన్ని ముట్టుకోకూడదని
ఆకు మీదినుంచే కొట్టి, ఇసక తిన్న మహానుభావులున్నారు.

చిత్రమేంటంటే
తప్పు లెక్కల్లో సగం
తమ మీద తామే వేసుకున్న జరిమానాలు.

ఒక లైను దగ్గర మాత్రం నా పెన్ను ఆగింది.
జంతువు తవ్విన బొరియలో బంతి పడితే
దెబ్బ లెక్కలేదు, పక్కన వేసుకోవచ్చు.
"మళ్ళీ చదువు తాతా," అన్నా.
మళ్ళీ అదే చదివాడు.

ఆ ఏడు ఎలుకలు కొరికిన టిక్కీ
నేను ఈడుస్తుంటే చిరిగింది.
కాయంతా తడి గచ్చు మీద.
మూడు రోజుల కూలి కోశారు.
నేనూ తలూపా. రూలేమో అనుకున్నా.

సరే, ఆ ఆదివారం తొమ్మిదో గుంత.
పందెం ఎంతో వాళ్ళు చెప్పుకోలేదు,
తువ్వాలు కింద వేళ్ళు నొక్కి ధర తెంపే అలవాటు.
అంకిరెడ్డిగారు బంతికి గుర్తు పెట్టి,
ఎత్తి, తుడిచి, అక్కడే పెట్టి,
రెండడుగులు వెనక్కి వేశారు.
పడమటి నుంచి ఒక్క విసురు గాలి.
బంతి కదిలింది. దొర్లింది. నిదానించింది.
మనసు మార్చుకున్నట్టు ఇంకాస్త దొర్లి
గుంతలో టక్కుమంది.

చప్పట్లు. ఈలలు. "గాలి దేవుడిదయ్యా!"
ఆయన మాత్రం నావైపు చూశారు.
చూడకపోతే బాగుండును.

"ఎత్తకముందు వీచుంటే మీదే," అన్నా.
"ఎత్తి పెట్టారుగా.
చేత్తో ఎత్తి పెట్టాక ఆ చోటు దానిది.
గాలి తోసినా తిరిగి తెచ్చి పెట్టాల్సిందే."

ఎవరో నవ్వారు. ఎవరో తిట్టారు, నన్నే.
ఆయన వంగి, మోకాలు పట్టుకుని, బంతి తీసి
గుర్తున్న చోట పెట్టి కొట్టారు.
గోరంత పక్కకి పోయింది.

కారు దగ్గర బ్యాగు దించుతుంటే అడిగారు,
"పదకొండేళ్ళు ఏ స్టోరేజీలో చేశావమ్మా?"

పేరు చెప్పా.

డిక్కీ తెరిచే ఉంది.
ఆయన ఎడమచేతి గ్లౌజు
ఒక్కో వేలే, ఒక్కో వేలే
విప్పుకుంటూ నిలబడ్డారు.