చుక్కాని పిల్ల

ఆడగుర్రాన్ని కట్టించే ముందు
రాజుగారడిగారు: "ఆటొస్తుందా మీరయ్యా, పిల్లకి?"

రాదండి.
ఆట నేను నేర్పిందండి,
తాషా పుల్లల్తో, నానేసిన ఉలవల్తో,
రెండెండాకాలాలు, కొత్తపేట కొబ్బరి కళ్లంలో.

చుక్కాని నుంచి దిగేవి వేరు:
పొడుగు భుజం, కొసలు కలిసే చెవులు,
ఎడంపక్కకి తిరగమంటే మొరాయింపు,
ఎగిరే కవరు చూస్తే ఒళ్లంతా చెమట.
బకెట్టంచు కొరుకుతాయండి, దాచడమెందుకు,
ఇంతకుముందు మూడు పిల్లలూ అంతే.

ఏడాది దాటాక
ఊడిమూడి లంకకి చూడ్డానికెళ్లాను.
నలభై రోజుల పిల్ల,
నీరు తీసిన పాయలో
తడి ఇసక మీద తల్లి వెనకాల.

ముందరి కుడికాలు లేపింది.
దించలేదు.
గాల్లోనే పట్టుకుంది ఒక దరువంతసేపు,
దాని తండ్రి పెళ్లివారి ముందు పట్టినట్టే.
తాషా లేదక్కడ.
అవతల రేవులో పంటు ఇంజను
డుగ్గుడుగ్గుమంటోందంతే.

"ఇదీ నువ్వే నేర్పావా?"
నవ్వారు రాజుగారు.

ఆ ఆగడం నా పనితనమేననుకుని
పన్నెండేళ్లు ఊరేగింపుల్లో
డబ్బు పుచ్చుకున్నాను.

ఏమనాలో తోచక
పాకలోకెళ్లి బకెట్టు చూశాను.
అంచు కొరికేసుంది.