సగం కొత్తిమీర

మిరియం పోయిన మర్నాటి నుంచి
బొబ్బట్టు ఈల వేయడం మానేసింది.
ఫ్రిజ్ తలుపు తీసినా, కవరు గరగరమన్నా
అట్టపెట్టెలోంచి ముక్కు బయటికి రాదు.
కొత్తిమీర పెడితే సగం తిని
సగం అటుపక్కకి వదిలేస్తుంది.
వాడిన ఆ సగాన్ని రోజూ నేనే ఊడ్చేదాన్ని.

అద్దం పెట్టి చూడమంది పైవాటా ధనకోటమ్మ.
పెట్టాను. ఒక పూటంతా దానికి ఒరిగి పడుకుంది.
అద్దానికి వాసన ఉండదు కదా,
సాయంత్రానికి వీపు తిప్పేసింది.

కొళత్తూరులో, చేపల దుకాణాల వెనక సందులో
గినీపందుల బుట్ట మీద మూత తీసి
"ఒణ్ణా, రెండా?" అన్నాడు కుర్రాడు.
ఒకటైతే, ఎప్పుడో ఒకరోజు
మళ్ళీ ఒకటే మిగులుతుంది.
అతని భాషలోనూ నా భాషలోనూ
ఒకేలా పలికే అంకె చెప్పాను.

పధ్నాలుగు రోజులు వేరే గది.
తరవాత ఎవరి వాసనా లేని చోట కలపమన్నాడు డాక్టరు.
మా ఇంట్లో అలాంటి చోటేది?
ఇస్త్రీ బల్ల కింద కూడా మిరియం ఉంది.
తెల్లారకముందే మేడమీద గచ్చు కడిగి
ఆరాక ముగ్గురినీ వదిలాను.

బొబ్బట్టు పళ్ళు టకటకలాడించింది.
పెద్దది వెనక్కి తగ్గింది.
చిన్నది, ఇంకా పేరైనా పెట్టనిది,
తిన్నగా వచ్చి దాని గడ్డం కింద దూరింది.
కాసేపు ఎవరం కదల్లేదు.

కట్ట విప్పి పెట్టాను.
బొబ్బట్టు సగం తిని ఆగింది, ఎప్పటిలాగే.
ఆ సగాన్ని చిన్నది నమిలేసింది,
కాడలతో సహా.

అప్పుడు వేసింది ఈల,
నలభై రోజుల తరవాత, ఒళ్ళు మండి,
కింది వాటాలవాళ్ళు లేచేలా.

ఉండవే తల్లీ, అంటూ
చెప్పులైనా లేకుండా మెట్లు దిగాను
ఇంకో కట్ట కోసం.