ఊదొద్దు

ఐదో శనివారం కూడా
నేను ఊదేశాను.

"ఊదొద్దంటిని గదమ్మా" అంటుంది రఫియా మేడం.
"ఊదితే పొడి ముక్కులకు పోతది,
పక్కామె నీలంలకు పోతది.
అట్ట నిలబెట్టి ఎనకనుంచి వేలితో తట్టు,
పండుకున్న పిల్లను జోకొట్టినట్టు."

చిక్కడపల్లిలో జిరాక్స్ షాపు పైన మా క్లాసు.
కింద మెషిన్ క్షణానికో కాపీ తీస్తుంటుంది.
పైన మేం ఏడుగురం
రెండు గంటలు కూర్చుని
ఒక్క జామకాయ తేలేకపోతాం.

పేస్టల్స్ కొన్న రోజు అబిడ్స్‌లో షాపాయన అడిగాడు,
"పిల్లలకా?"
అవునన్నాను.
ఆ పిల్లకు నలభై ఆరేళ్ళని చెప్పలేదు.
స్పాంజి పరుపు మీద నలభై ఎనిమిది రంగులు,
ముట్టుకోబుద్ధి కాలేదు.
మొదటి రోజే మేడం వచ్చి
నా ఎర్ర కడ్డీని పుటుక్కున విరిచింది.
"భయం పోయిందా? ఇగ అడ్డంగ పట్టు."

ఇవాళ ఖాజాగూడ బండ.
పోయిన ఆదివారం ఎదురుగా కూర్చుని
కళ్ళలో మోసుకొచ్చింది.
బండ అంటే బూడిద రంగే అనుకున్నాను.
"బూడిద యాడుంది, చూపెట్టు" అంది మేడం.
తలుచుకుంటే నిజంగానే లేదు.
నీడలో వంకాయ రంగు,
ఎండ తగిలిన భుజాన ఉల్లిపొర గులాబీ,
వాన జారిన చోట ఇనుప తుప్పు.
ముదురువి ముందు, లేతవి తర్వాత.
తెలుపు ఆఖరికి, అదీ
అత్తరులాగా, ఒక్క చుక్క.

రుద్దడం నాకిష్టం.
బొటనవేలితో రుద్ది రుద్ది
పోయినసారి ఆకాశాన్ని బురద చేశాను.
కాగితం గరుకంతా నిండిపోయి
ఇక ఏ రంగునూ పట్టనంది.
ఆపడం రావడానికి ఎన్ని శనివారాలు పడుతుందో.

ఆ ఆదివారం, గుట్ట వెనక
కొత్త టవర్ పునాదికి రాళ్ళు పేల్చారు.
సైరన్. నిశ్శబ్దం. అరికాళ్ళ కింద ఒక దెబ్బ.
లేచిన పొడి
సరిగ్గా ఆ ఉల్లిపొర గులాబీ.
నా పెట్టెలో లేని రంగు అదొక్కటే.
ఆకుల మీద వాలినదాన్ని
రుమాల్లో కాస్త మూటకట్టాను.

ఇవాళ దాన్ని బండ భుజం మీద అద్దాను.
కొంచెం నిలిచింది. ఎక్కువ రాలింది.
మేడం చూసింది, ఏమీ అనలేదు.
అట్టను తనే ఎత్తి, మెల్లగా తట్టింది.

సోమవారం ఆఫీసు గుమ్మంలో
హాజరు మెషిన్ నా వేలిని గుర్తుపట్టదు.
మళ్ళీ పెట్టు, మళ్ళీ పెట్టు అంటుంది.
వెనక లైను పెరుగుతుంటే
వేలు కంటికి దగ్గరగా తెచ్చి చూస్తాను,
గీతల సందుల్లో ఇంకా వంకాయ రంగు.

ఊదబోయి
ఆగుతాను.