రెండు గీతల నడుమ

ఎముకను కోయాలంటే ముందు దాన్ని
ప్లాస్టిక్‌లో పాతిపెట్టాలి,
గాజులా బిగుసుకునేదాకా వారం ఆగాలి.
ఆ తరవాతే టంగ్‌స్టన్ కత్తి, బిగబట్టిన నా ఊపిరి,
వెంట్రుకలో పదిహేనో వంతు పొర.
కుంచె కొసతో ఎత్తి స్లైడు మీద పరుస్తాను.
పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని,
పూనమల్లి హైరోడ్డు పక్కన, రెండో అంతస్తులో,
కిటికీలకు నల్లకాగితం అంటించిన గదిలో.

నా దాకా పేర్లు రావు, నంబర్లే వస్తాయి.
నూట పద్నాలుగుకు రంగు వేస్తే
నల్లగా తేలాల్సిన చోటంతా
మందంగా, ఎర్రగా తేలింది.
ఇటుకలు పేర్చి సిమెంటు మరిచిపోయిన గోడ.

మూడు రోజులు పసుపుపచ్చ మాత్ర,
పన్నెండు రోజులు ఖాళీ,
మళ్ళీ మూడు రోజులు మాత్ర.
ఆ రోజుల్లో కట్టుకున్న ఎముక
ఆ మందును తనలోనే దాచుకుంటుంది.
నీలి దీపం కింద రెండు గీతలై వెలుగుతుంది.
గీతల నడుమ ఎంత ఎడముంటే
ఒంటికి అంత ఓపిక ఉన్నట్టు.

నూట పద్నాలుగులో గీతల్లేవు.
చేత్తో తుడిచిన పలక మీద సుద్దలాగా
ఒక పచ్చటి మసక.

ఆమె పేరు దేశమ్మని తరవాత తెలిసింది,
వరండాలో ఎవరో తెలుగులో తిడుతుంటే బయటికొచ్చాను.
పుళియంతోపులో వీధులూడ్చే కాంట్రాక్టు పని.
ఆరేళ్ళలో నాలుగంగుళాలు కుంగింది.
దగ్గితే పక్కటెముక విరిగింది.
ఒకరు వాతమన్నారు, ఒకరు మనోవ్యాధన్నారు,
ఒకరైతే ఎండ తగలక వచ్చిందని రాసిచ్చారు,
మద్రాసు నడివీధిలో
ఇరవయ్యేళ్ళు ఊడ్చిన మనిషికి.
"ఆ చీటీ దాచుకున్నా,
ఎప్పటికైనా నవ్వొస్తుందని" అంది.

కీలెరిగి వాత పెట్టమన్నారు.
కీలు దొరకడానికే డాక్టర్ ఎళిలరసికి
పద్నాలుగు నెలలు పట్టింది.
రక్తంలో ఫాస్ఫేటు నిలవడం లేదు,
మూత్రంలో పోతోంది,
తలుపు తీసిచ్చే దొంగ లోపలే ఉన్నాడు.
నడినెత్తి నుంచి అరికాలిదాకా స్కాను తీస్తే
కుడి మడమ కింద మెత్తటి కండలో
మిరియపు గింజంత కణితి.
కొండను తవ్వి ఎలుకను పట్టారని ఎగతాళి చేస్తాం గాని
ఈ కొండను తొలిచింది ఆ ఎలుకే.
అడుగడుగునా దాన్ని తొక్కుకుంటూనే
నడిచింది దేశమ్మ.

తీసేశారు. గంట పట్టలేదు.

తొమ్మిది నెలలకు ఇంకో ముక్క కావాల్సొచ్చింది, పరిశోధనకు.
ఇది నీ మేలుకు కాదు, వద్దంటే వద్దు అని
ఎళిలరసి తమిళంలో చెప్పి
నన్ను తెలుగులోనూ చెప్పమంది.
దేశమ్మ తుంటి తడుముకుంది.
"రెండు రోజుల కూలి పోతుంది.
అదిచ్చి తొలుచుకోండి."
ఇచ్చారు. రశీదు మీద సాక్షి సంతకం నాది.

నూట పద్నాలుగు, బి.
రాత్రి ఏడున్నరకు దీపం వేశాను.
రెండు గీతలు.
కొలిచాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ కొలిచాను.
తొమ్మిది మైక్రాన్లు.
పక్క అరలో నూట తొమ్మిది ఉంది,
కోయంబేడులో మూటలు మోసిన కుర్రాడు.
అతని దొంగ ఎక్కడున్నాడో
ఇంకా ఎవరికీ తెలీదు.
టీ మీద మీగడ కట్టింది.

నెల తరవాత వస్తే పిలిచి చూపించాను.
ఒక కన్ను మూసి, రెండో కన్ను అద్దానికి ఆనించి
"తడినేల మీద చీపురు గీతల్లా ఉన్నాయే" అంది.
"నడుమ ఆ చీకటేంటి?"
"అదే ఎముక. మాత్రలు లేని పన్నెండు రోజులది."
వేళ్ళు మడిచి లెక్కేసుకుంది.
"కార్తీకంలో కదూ. తుపాను. వీధంతా మోకాటి లోతు.
ఆ పన్నెండు రోజులూ మేస్త్రీ
నాకు ఆబ్సెంటు వేశాడు."

ఇంకాసేపు చూస్తానంది.
ఎక్కువసేపు చూడకూడదమ్మా,
ఆ వెలుగు తగిలేకొద్దీ గీతలు వెలిసిపోతాయన్నాను.
అని, స్విచ్చి మీద చెయ్యి పెట్టుకుని
ఊరికే నిలబడ్డాను.