మకి మావత్తు

పోటు దిగిన పూట
కోరంగి పాయలో, మడ వేళ్ళ సందున
గుల్లలు ఏరుతుంటే కాలి బొటనవేలికి తగిలిందట.
సంగాడి మరిడమ్మ కొంగు ముడి విప్పి
నా కొట్టు గడప మీద పెట్టింది.
చిలుమెక్కి పచ్చగా, కందిబద్దంత మందాన,
గుండ్రమంటే గుండ్రం, కాదంటే కాదు.

"కిలో లెక్కన తూస్తావా, బిళ్ళ లెక్కనా?"

ఏడు తరాలుగా కంచు కొట్టే ఇల్లు మాది.
కంటికంటే చెవిని నమ్ముతాం.
నాపరాయి మీద వేశాను.
రాగి అయితే దగ్గుతుంది,
సీసమైతే నోరు మూసుకుంటుంది.
ఇది మోగింది,
అన్నం ఆలస్యమైన పిల్లాడు
కంచం మీద వేలు మడిచి కొట్టినట్టు.

చింతపండు పులుసులో రాత్రంతా నానబెట్టాను.
తెల్లారి ఒక పక్క లంగరు తేలింది, సగం అంకె.
ముద్ర సరిగ్గా పడలేదు.
సుత్తి పట్టినవాడి చెయ్యి వణికిందో,
రేవు అవతల ఫిరంగి పేలిందో.

తాతల మాటగా మా నాన్న చెప్పేవాడు,
నిజమెంతో గౌతమికే తెలుసు:
దొరకీ దొరకీ యుద్ధం ముదిరి
యానాం రేవుకి ఓడ రాని ఏడాది,
సిపాయిల జీతాలకి చిల్లర నిండుకుంటే
ఇల్లిల్లూ తిరిగి కంచాలు పట్టుకుపోయారట.
"అరిటాకులు లేవా ఈ సీమలో" అన్నాడట దుబాసీ.
కొలిమి దగ్గర కూర్చున్నది మావాడే.
కరిగించడానికి బొగ్గు చాలక
ఎర్రగా కాల్చి, కత్తిరించి, ముద్ర గుద్దాడట,
తన చేత్తో పోసినవాటినే.
కూలి కింద ఏమిచ్చారు అని అడిగితే
నాన్న నవ్వేవాడు: "అవే."

భూతద్దం పెట్టాక కనిపించింది.
లంగరు కొక్కెం కింద, ముద్ర తొక్కినా చావకుండా
చుక్క చుక్కగా ఉలితో కొట్టిన గీత.
ఎవరో పేరు వేయించుకున్న కంచం అది.
పేరు తల ఏ సిపాయి కల్లు ముంతకి చెల్లిందో,
నడుము ఏ సరంగు రొంటిన వెళ్ళిందో.
మిగిలింది మకి మావత్తు.

మర్నాడు మరిడమ్మ వచ్చి "ఏటి రాసుంది?" అంది.
"మ్మ" అని చదివాను.
"నా పేరు సివర్ది కదేటి!
మా యత్తదీ అదే. మా గుల్లల జట్టంతా అదే."

వెల చెప్పాను. కాకినాడలో పాత బిళ్ళలు కొనేవాళ్ళు
పదింతలిస్తారని కూడా చెప్పాను.
వినిపించుకోలేదు. తడి వేలితో అక్షరం తడిమి
"బెజ్జం పెట్టు" అంది.
"వలకా?"
"మనవరాలి మొలతాడుకి."

అక్షరానికి తగలని చోటు వెతకడానికే
చాలాసేపు పట్టింది.
చివరికి లంగరు నడిమధ్యన దించాను బరమా.
పచ్చటి చిలుము కింద నుంచి
పసుప్పచ్చ పొడి రాలింది.

కూలి ఎంత అని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.
తక్కెడ పళ్ళెంలో దోసెడు గుల్లలు పోసి పోయింది.
ఇంకా బతికే ఉన్నాయి,
ఉప్పునీళ్ళు కక్కుతూ
ఒక్కొక్కటే నోరు తెరుస్తున్నాయి.