రెండున్నర తీసేస్తే

షువైఖ్‌లో రాత్రి మూడు.
బయట ఇంకా ముప్పై ఎనిమిది డిగ్రీలు.
లోపల నేను స్వెట్టర్ వేసుకుని
ఏడో ర్యాకు నుంచి పన్నెండో ర్యాకుకి
ఒక యంత్రాన్ని తరలిస్తున్నాను.

యంత్రమంటే ఇనుము కాదు,
ఇనుములో అద్దెకుండే లెక్క.
మేం దాన్ని గెస్ట్ అంటాం,
చోటిచ్చిన పెట్టెను హోస్ట్ అంటాం.
నిద్ర చెదరకుండా
దాని కింద నేల మార్చేయాలి.

ముందు జ్ఞాపకం పోతుంది, పేజీ తర్వాత పేజీ.
పోతుండగానే అది కొత్తవి రాసుకుంటుంది.
తడి ఆరని ఆ పేజీల కోసం మళ్లీ వెనక్కి.
మళ్లీ.
మళ్లీ.
గుప్పెడు మిగిలాక
అక్కడ ఊపిరి ఆపి, ఇక్కడ వదులుతాం.
మధ్యలో పోయేది రెప్పపాటులో ఐదో వంతు.
లేచాక అది ఆగిన చోటి నుంచే లెక్కపెడుతుంది
ఏమీ జరగనట్టు.

కిందటి జూలైలో మాత్రం రెప్పపాటుతో పోలేదు.
దారిలో డిస్కు మొరాయించింది.
పదకొండు నిమిషాలు కళ్లు తెరిచే నిలబడిపోయి,
కదిలాక పాత టైమునే నమ్ముకుని
పనిలోకి దిగింది గెస్ట్.

దాని పని, ఒక క్లీనింగ్ కంపెనీకి హాజరు వేయడం.
సరిగ్గా రెండింటికి వేలు పెట్టి బస్సెక్కిన నలభైమూడు మందిని
ఒకటీ నలభైతొమ్మిదికే వెళ్లిపోయారని రాసింది.
నెలాఖరుకి తలా అరరోజు కోత.

ఎవరూ అడగలేదు. కంప్యూటర్ చెప్పింది కదా.

పెంచలమ్మ అడిగింది.
చిట్వేలు వైపు మనిషి, మా వరండా తుడిచేది ఆమే.
మాప్ గోడకానించి, చెయ్యి చాపి వాచీ చూపింది.
"సారూ, ఇది దేశం టైము.
రెండున్నర తీసేస్తే ఈడ టైము.
ఆ పొద్దు నేను యేలు పెట్నప్పుడు దీంట్లో నాలుగున్నర.
తక్కిన పదకొండు మీ మిషను యాడ పారేసుకుందో
రోంత ఎతికి పెట్టు."

ముల్లు తిప్పి ఈ ఊరి టైము పెట్టుకోవచ్చుగా అన్నాను.
"పెట్టుకుంటే పోయేటప్పుడు మల్లా తిప్పాల గదా.
తీసేసుకునేదే సులువు."

మాన్యువల్లో నాకు కొరుకుడు పడని పేజీ అదే.
ప్రతి హోస్ట్ తాను పుట్టిన క్షణం నుంచి లెక్కపెడుతుంది.
ఏ రెండు పెట్టెల పుట్టుకా ఒకటి కాదు.
గెస్ట్ ముల్లు ముట్టుకోవద్దు,
కొత్త ఇంటికీ దానికీ ఎంత తేడానో
చేతిలో పెట్టి పంపు.

అప్పటికీ వెనకబడితే
ఒక్క దూకున లాగొద్దు.
దూకిన చోట నిమిషాలకు సాక్షులుండరు.
వెనక్కి అసలే తిప్పొద్దు,
మనిషి రాకముందే వెళ్లిపోయినట్టు పడుతుంది పద్దు.
సెకనును గోటంచంత పొట్టి చేసి
నడకలో నడకగా కలుపు.

అతిథి అంటే తిథి లేకుండా వచ్చేవాడని
తొమ్మిదో తరగతిలో పోలిరెడ్డి మాస్టారు చెప్పాడు.
ఆయన ఈ ఊరు చూడలేదు.
ఇక్కడ అతిథులందరికీ తిథి ఉంటుంది,
అకామా మీద,
ముగిసేది.

అరరోజు తిరిగొచ్చింది, నలభై ఒక్కరికి.
తక్కిన ఇద్దరూ అప్పటికే దేశం వెళ్లిపోయారు,
వాళ్ల పేర్ల పక్కన ఇప్పటికీ ఒకటీ నలభైతొమ్మిదే.
దిద్దడానికి నాకు అనుమతి లేదు.

మూడూ పదిహేడు. తరలింపు అయిపోయింది.
మేడ మీద దుమ్ములో పుట్టగొడుగులాంటి యాంటెన్నా
ఉపగ్రహాలనడిగి చెప్పిన తేడా
సెకనులో వెయ్యో వంతులు నాలుగు.
రిజిస్టరులో రాసి, సంతకం పెట్టి,
స్వెట్టర్ విప్పలేదు, ఉండిపోయాను.

ఐదింటికి బస్సు వస్తుంది.
పెంచలమ్మ తలుపు పక్కన వేలు పెడుతుంది.
తెర మీద అంకెల వంక చూసి, మణికట్టు వంక చూసుకుని
పెదాలు కదుపుతుంది.

తీసేసుకుంటోంది.

తర్వాత బకెట్టు ఎత్తుకుంటుంది.